తగ్గిందన్న మాట

"ఫ్లెక్సీ బానే ఉంది గానీ, నా పేరు వెయ్యలేదేంటి నాన్నా?" అని మార్టిన్ అడిగేసరికి చర్చి గుమ్మం దగ్గరున్న వాళ్ళంతా పకపకా నవ్వారు, అతని తల్లి ఇన్నమ్మ తప్ప. గోడకు కట్టిన ఆ ఫ్లెక్సీలో కుడివైపు మార్టిన్ ఫొటో ఉంది. ఎడమవైపు ఎర్రరంగులో, జానెడు ఎత్తు అక్షరాల్లో మార్టిన్ అన్న పేరు ఉంది. పేరు కింద, స్వస్థపరచిన దేవునికి కృతజ్ఞతలు అని ఉంది. రోడ్డు అవతల టీకొట్టులో కూర్చున్నవాడికి కూడా కనిపించే పేరు అది. "నీ మొహం చాల్లేదంట్రా, పేరు కూడానా?" అన్నాడు తండ్రి డేవిడ్ రాజు. "పెళ్ళిలో కూడా పేరు చిన్నదైందని అలిగాడు కదా బావా వీడు" అని అందుకున్నాడు ఇన్నమ్మ తమ్ముడు సవరయ్య. మార్టిన్ కూడా వాళ్ళతో కలిసి నవ్వేసి, రాత్రి సరిగ్గా నిద్రలేదు, తల బరువుగా ఉంది అంటూ లోపలికి నడిచాడు. "భోజనాలయ్యాక ఒక సూది పొడిచేస్తాలే అల్లుడూ, దెబ్బకి దిగిపోద్ది" అన్నాడు సవరయ్య. జి. కొండూరులో ఆయన ఆర్ఎంపీ డాక్టరు, చంకలో సంచి లేకుండా ఎక్కడికీ రాడు. అందరితో కలిసి అలా నవ్వేయడానికి ముందు, రెప్పపాటు సేపు, కొడుకు చూపు ఫొటో మీద ఆగి, అక్కణ్ణుంచి కుడివైపుకే జారి, గోడ అంచు దాకా వెతికి, ఏమీ దొరక్క వెనక్కి రావడం ఇన్నమ్మ ఒక్కతే చూసింది.

ఎగతాళికే అన్నాడేమో, ఎగతాళికే అని ఉంటాడు, వాడికి నోటిదురుసు ఎక్కువ, అనుకుంటూనే వచ్చి ముందువరసలో కూర్చుంది. కృతజ్ఞతా కూడిక వాళ్ళది కాబట్టి వేదిక ఎదురుగా వాళ్ళకే వేరుగా నాలుగు కుర్చీలు వేశారు. కుడి చివర డేవిడ్ రాజు, ఆయన పక్కన మార్టిన్, మార్టిన్‌కు ఎడమపక్క అతని భార్య మెర్సీ, మెర్సీకి ఇవతల ఇన్నమ్మ. పాట ఎత్తుకున్నారు, డోలక్ మోగుతోంది, పైన ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి నెత్తిన పోస్తోంది, వెనక వంటల దగ్గర్నించి మసాలా వాసన, దాని వెనకాల మామిడితోటల్లోంచి వచ్చే కాయవాసన, కోతల కాలంలో నూజివీడు చుట్టుపక్కల ఏ ఊళ్ళో ముక్కు తెరిచినా ఇదే వాసన, తియ్యగా, పుల్లగా, సొన కారిన చేతిలా కొంచెం మంటగా. మార్టిన్ పాడుతున్నాడు. పుస్తకం తెరవలేదు, పాటలన్నీ వాడికి నోటికొచ్చు. తెరిస్తే బాగుండును, ఏ మాట దగ్గర మొదలెడతాడో తెలిసేది, అనుకుంది, అనుకున్నందుకు చెంపలేసుకుంది, కన్నకొడుకు పాట పాడుతుంటే తప్పు పాడాలని ఎదురుచూసే తల్లి ఎక్కడైనా ఉంటుందా. ఈ పాటలయ్యాక పాస్టరు విక్టర్ అయ్యగారు వాక్యం చెబుతారు, వాక్యం అయ్యాక సాక్ష్యం. సాక్ష్యం తనే చెప్పాలి. తల్లి కన్నీళ్ళు దేవుడు చూశాడు గనక తల్లే లేచి చెప్పాలని అయ్యగారు పోయిన ఆదివారమే ఖరారు చేసేశారు. ఇన్నమ్మ పుట్టిల్లు కథోలికులది, అక్కడ ఇట్లా లేచి నిలబడి మైకులో చెప్పుకోవడం లేదు, గుణదల మాత దగ్గర కొవ్వొత్తి వెలిగించి, జపమాల తిప్పుకుంటూ, పెదాలు కదిలీ కదలకుండా చెప్పుకోవడమే, అడిగింది ఎవరికీ తెలియదు, ఇచ్చింది ఎవరికీ తెలియదు, ఇవ్వకపోయినా ఎవరికీ తెలియదు. ఈ ఇంటికి కోడలుగా వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా మైకు చూస్తే ఆమె వెనక్కి జరుగుతుంది.

దేవుడు నా కొడుక్కి తగ్గించాడు అనాలి. ఒక్క మాట. ఏడో తరగతి చదివిన ఆడది అంతకంటే పెద్ద మాటలు చెప్పక్కర్లేదని డేవిడ్ రాజే అన్నాడు, తగ్గింది, స్తోత్రం, అని కూర్చో, చాలు. తగ్గింది. రాత్రి నించీ ఆ మాటనే నాలుక మీద అటూ ఇటూ దొర్లించుకుంటోంది. పొద్దున ఆ ఫ్లెక్సీ మాట వినేదాకా దొర్లుతూనే ఉంది, ఇప్పుడు గొంతులో చేపముల్లులా అడ్డంపడింది.

ఆవకాయ. అంతా ఆవకాయతో మొదలైంది. తోటలు పూత మీదున్న రోజులు, తేనెమంచు పురుగు పట్టిందని జనమంతా మందుకొట్టే యంత్రాల వెంట తిరుగుతున్న రోజులు, మార్టిన్ ట్రక్కు ఆటోలో మందు డ్రమ్ములు దించి మధ్యాహ్నం అన్నానికొచ్చాడు. కంచం ముందు పెట్టింది. సగం తిని చెయ్యి ఆపేసి, "ఆవకాయ వెయ్యలేదేంటమ్మా?" అన్నాడు. వేసింది. కంచంలో ఎడమపక్క, ఎర్రగా, నూనె ఊరుతూ, ఇంత ముక్క ఉంది. ఆ పక్కనున్న అన్నం మెతుకు కూడా కదల్లేదు, ఎవరో గీత గీసి నీది ఇటువైపు అన్నట్టు కుడిసగం మాత్రం తుడిచిపెట్టినట్టు తిన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. తిండి దగ్గర ఎగతాళేంట్రా అని కంచం గుండ్రంగా తిప్పింది. "ఓ, ఉందే" అని మిగతాది కూడా తినేసి వెళ్ళాడు. కంచం తిప్పితే సరిపోయింది. ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియక ఎవరికీ చెప్పలేదు. చెప్పినా ఏమయ్యేది, ఆమె మాటలు ఆ ఇంట్లో ఎప్పుడో చెల్లడం మానేశాయి. బస్సు ఆలస్యమైతే బోల్తాపడిందనుకునే మనిషి, దగ్గితే క్షయ అనుకునే మనిషి, ఫోను రెండుసార్లు మోగి ఆగితే ఎవరో పోయారనుకునే మనిషి. "మా అమ్మ రేడియోలో పాటలు రావు మావయ్యా, తుఫాను హెచ్చరికలే" అని మార్టిన్ అందరి ముందూ అంటాడు, అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. తుఫాను రాకపోతే ఆమెకంటే సంతోషపడేవాళ్ళు ఎవరని, కానీ ఆ సంగతి ఎవరూ అడగరు.

ఆ తర్వాత తలనొప్పి, ఆ తర్వాత తోట గట్టున ఎడమచక్రం దిగిపోయి బండి ఒరగడం, ఆ తర్వాత ఒకనాడు పెరట్లో పళ్ళు తోముకుంటూ నిలువునా పడి కొట్టుకోవడం. మూర్ఛ అన్నారు. బెజవాడ తీసుకెళ్ళారు. ఆ పెద్దాసుపత్రి అద్దాల తలుపులు, చల్లటి గాలి, ఎవరి చెప్పులు వాళ్ళు ఎక్కడ విప్పాలో తెలియని నున్నటి నేల. వాణ్ణి ఆ గొట్టంలోకి పంపిస్తే లోపల సుత్తులతో కొడుతున్నట్టు చప్పుడు, తలుపు వేసి ఉన్నా వినిపించింది. తల డాక్టరమ్మ చిన్నపిల్ల, మెర్సీకి అక్కలా ఉంటుందేమో, తెరమీద బూడిదరంగు బొమ్మ చూపించి, కుడిపక్క ఇక్కడొకటి, లోపల ఇంకొకటి, రెండు మచ్చలు అంది. మచ్చ అనగానే ఇన్నమ్మకు తను మామిడికాయలు ఏరే షెడ్డులో కాయ గుర్తొచ్చింది. మచ్చ ఉన్న కాయ పక్కన పెట్టేస్తారు, ట్రేలో పెట్టరు. "లింఫోమా అని అనుమానం, ఒక రకం క్యాన్సరు, కానీ చూసి చెప్పలేం, ముక్క తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది" అంది డాక్టరమ్మ. ముక్క ఎక్కణ్ణుంచి తీస్తారని మెర్సీ అడిగింది. పుర్రెకు చిన్న రంధ్రం చేసి అని డాక్టరమ్మ వేలితో తన జుట్టు మీద చూపించింది. ఇన్నమ్మ వింది. విన్నాక ఆ గదిలో ఏం మాట్లాడారో ఆమెకు ఇప్పటికీ తెలియదు. మొదటిసారి తుఫాను నిజంగానే వచ్చింది, ఆశ్చర్యమేమిటంటే ఆమెకు ఏడుపు రాలేదు, తన చెప్పులు ఎక్కడ విప్పిందా అని మాత్రమే ఆలోచించింది.

"ఆమేన్ అనండి" అంటున్నారు అయ్యగారు. అందరూ అన్నారు, ఆమె కూడా అంది. వాక్యం మొదలైంది. ఎండ కిటికీలోంచి మెర్సీ చీర కుచ్చిళ్ళ మీద పడుతోంది, కొత్త చీర, ఈ కూడిక కోసమే హనుమాన్ జంక్షన్‌లో కొన్నారు. ఆ పిల్ల మొహం ఇన్నాళ్ళకు మనిషి మొహంలా ఉంది. నెలరోజులపాటు మార్టిన్ నిద్రలో ఊపిరి తీస్తున్నాడా లేదా అని చెయ్యి వాడి ఛాతీ మీద వేసుకునే పడుకుంది. ఇప్పుడు నిద్రపోతోంది. ఆ నిద్ర పాడుచెయ్యాలా. "మీరు భయపడి భయపడి ఆయన్ని జబ్బుమనిషిని చేస్తున్నారత్తయ్యా" అని పోయిన వారం విసుక్కుంది, వెంటనే వచ్చి కాఫీ ఇచ్చింది, కానీ మాట మాటే. నిజమేనేమో. మనసులో గూడుకట్టుకున్న భయం ఎంతకాలానికో వెళ్ళి కన్నబిడ్డ నెత్తిన వాలుతుందేమో.

ఆ పెద్దాసుపత్రిలోనే మచ్చలు తగ్గాయి. ముక్క తీయడానికి ముందు, ఎక్కడ రంధ్రం చేయాలో కొలవడానికి ఇంకోసారి స్కానింగు తీశారు. డాక్టరమ్మ తెరముందు చాలాసేపు కూర్చుంది. పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి, ఇంకొక డాక్టరును పిలిచి చూపించి, అప్పుడు ఇటు తిరిగి, "మచ్చలు తగ్గాయి" అంది. డేవిడ్ రాజు అక్కడికక్కడే మోకాళ్ళ మీద పడ్డాడు. మెర్సీ గోడకు ఆనుకుని ఏడ్చింది. మార్టిన్, "అయితే రంధ్రం లేదు కదా మేడం?" అని తల తడుముకున్నాడు. డాక్టరమ్మ ఒక్కతే సంతోషంగా లేదు. ఆమె, ఆమెతోపాటు ఇన్నమ్మ. "స్టెరాయిడ్ ఏమైనా ఇచ్చారా?" అని అడిగింది. లేదన్నారు. తలనొప్పికని బయట సూదులు? లేదు. నాటుమందు, పొడి, పసరు? లేదు, లేదు. సవరయ్యను ఫోనులో అడిగారు, బీకాంప్లెక్స్ తప్ప ఒట్టు అక్కా అన్నాడు. ఆ రోజునించీ మార్టిన్‌కు తగ్గింది తన బీకాంప్లెక్స్ వల్లేనని కొండూరంతా చెప్పుకుంటున్నాడు, డేవిడ్ రాజేమో తన ఉపవాస ప్రార్థన వల్లనంటాడు, ఇన్నమ్మ ఎవరికీ చెప్పకుండా గుణదల వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది గానీ అందువల్లేనని నోరు తెరిచి అనడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. "దీని గుణమే అంత, ఒక్కోసారి దానంతటదే తగ్గుతుంది, మందు లేకుండానే. మళ్ళీ వస్తుంది. ఇప్పుడు ముక్క తీస్తే ఏమీ దొరక్కపోవచ్చు. కాబట్టి చూద్దాం. నెలనెలా స్కానింగుకు రండి. కొంచెం తేడా కనిపించినా ఆ రోజే రండి. అది మళ్ళీ లేచినప్పుడే మనం పట్టుకోగలం, ఫలానా అని తెలిస్తే దానికి మందుంది. అప్పటిదాకా బండి తోలొద్దు. ఎవరూ స్టెరాయిడ్ సూది మాత్రం పొడవొద్దు, పొడిస్తే అది దాక్కుంటుంది, మేం వెతికినా దొరకదు" అని డాక్టరమ్మ చెప్పింది. ఇన్నీ చెప్పింది. కారెక్కేసరికి వాటిల్లో ఒక్క మాటే మిగిలింది, తగ్గింది. హనుమాన్ జంక్షన్ వచ్చేసరికి డేవిడ్ రాజు ఫోనులో ఊరందరికీ అదే చెప్పాడు. ఇన్నమ్మ కూడా చెప్పింది. ఎవరు ఫోను చేసినా తగ్గిందండీ అంది, అనగా అనగా ఆమెకు కూడా ఆ మాట తియ్యగా అనిపించింది.

తగ్గిందంటే ఏమిటి అసలు. జ్వరం తగ్గిందంటే పోయిందని. వాన తగ్గిందంటే? వాన తగ్గింది బయల్దేరండి అని ఎన్నిసార్లు బయల్దేరలేదు, ఊరు దాటకముందే నడినెత్తిన కుమ్మరించలేదు. రేటు తగ్గిందంటే రేటు పోయిందనా, రేపు పెరుగుతుందని కదా కమిషన్ కొట్టువాళ్ళు కాయ ఆపుకుని కూర్చుంటారు. కోపం తగ్గిందంటే? డేవిడ్ రాజు కోపం ఎన్నిసార్లు తగ్గింది, ఏనాడైనా పోయిందా. డాక్టరమ్మ ఏ ఊరి పిల్లో, తగ్గాయి అనకుండా చిన్నవయ్యాయి అని ఉంటే, ఉన్నాయిగానీ చిన్నవయ్యాయి అని ఉంటే, ఈ కుర్చీలూ, ఈ కోళ్ళూ, ఈ కొత్తచీర, ఏవీ ఉండేవి కావు. కోతలు మొదలయ్యాయి, తగ్గింది కదా, ఈ నెల స్కానింగుకు తర్వాత వెళ్దాంలే అన్నాడు మార్టిన్. అందరూ సరే అన్నారు. ఇన్నమ్మ కూడా సరే అంది. ఆ యంత్రంలో మళ్ళీ ఏం కనిపిస్తుందోనని వణికే మనిషికి, వెళ్ళొద్దంటే అంతకంటే ఏం కావాలి. ఎప్పుడూ లేనిది, ఈ ఒక్కసారి అందరిలాగా ధైర్యంగా ఉండి చూద్దామనుకుంది.

షెడ్డులో ఆమె పని కాయ చూడటం. చేతిలోకి తీసుకుని, తొడిమ దగ్గర్నించి ముక్కు దాకా ఒకసారి చూసి, చుట్టూ తిప్పి, ఆ పక్క కూడా చూసి, అప్పుడు ట్రేలో పెట్టాలి. కొత్తగా వచ్చిన పిల్లలు ఎదురుగా ఉన్న చెంప మాత్రం చూసి పెట్టేస్తారు, ఆ పక్క దెబ్బ ఉంటుంది. తిప్పి చూడండర్రా అని ఆమె రోజుకు వందసార్లు అరుస్తుంది. అయినా ఎంత తిప్పినా దొరకని పురుగు ఒకటుంది, పిందెప్పుడే టెంకలోకి దూరుతుంది, దూరిన కన్నం కాయతోపాటే పూడిపోతుంది, పైన నున్నగా, బంగారంలా... ఛ. ఎందుకిప్పుడు ఆ పురుగు. దేవుని సన్నిధిలో కూర్చుని పురుగుల ఆలోచనలేంటి. తల విదిలించుకుని కొడుకు వైపు వంగి చూసింది.

మెర్సీ భుజం మీదుగా మార్టిన్ ఎడమచెంప కనిపించింది. చెవి కిందనుంచి దవడ దాకా గడ్డం అలాగే ఉంది, నల్లగా, గరుగ్గా, రెండుమూడు రోజుల గడ్డం. అవతలి చెంప ఎలా ఉందో ఆమెకు తెలుసు, గుమ్మం దగ్గర ఎండలో చూసింది, నున్నగా మెరుస్తోంది. మోచేత్తో మెర్సీని పొడిచింది.

"వాడు గడ్డం తనే గీసుకున్నాడా?"

"ఆ. తొందరలో గీసుకున్నారు."

"ఇటుపక్క చూడు."

మెర్సీ చూడలేదు. "తొందరలో గీసుకున్నారని చెప్పాను కదత్తయ్యా. ఇప్పుడు కూడానా? ఈ ఒక్కరోజన్నా వదిలెయ్యండి" అని, గొంతు చిన్నదైనా గట్టిగా, వేదిక వైపే చూస్తూ అంది.

వదిలెయ్యొచ్చు. తొందరే అయ్యుండొచ్చు. అద్దం పగిలి ఉండొచ్చు, కరెంటు పోయి ఉండొచ్చు. బయట వేపచెట్టు నీడలో మార్టిన్ ట్రక్కు ఆటో ఉంది, కడిగి, బంతిపూల దండ వేసి, భోజనాలయ్యాక అయ్యగారు దానికి ప్రార్థన చేస్తారు, రేపు తెల్లారగట్ల మొదటి లోడు, కలెక్టర్ మామిడికాయలు, జంక్షన్‌కు. ఆ రోడ్డు ఆమెకు కంఠతా వచ్చు. ఎడమపక్కనే కదా అందరూ ఉండేది. సైకిళ్ళు ఎడమపక్క, పాలవాళ్ళు ఎడమపక్క, బస్సు కోసం నిలబడ్డ ఆడపిల్లలు ఎడమపక్క, మేకలు, ముసలమ్మలు, అన్నీ ఎడమపక్కే. కంచమైతే తిప్పింది. రోడ్డు ఎవరు తిప్పుతారు వాడికి. అంతకంటే ముందు ఆ సూది. వెనకవరసలో సవరయ్య సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, తలనొప్పంటే వాడు పొడిచేది ఏమిటో ఆమెకు తెలుసు, ఆయాసానికి అదే, ఒళ్ళునొప్పులకు అదే, చిన్న గాజుబుడ్డిలో ఆ స్టెరాయిడే, పొడిచిన గంటకు మనిషి లేచి తిరుగుతాడు, అందుకే కదా కొండూరులో వాడికంత పేరు. ఆ సూది పడితే రేపటికి మార్టిన్‌కు తలనొప్పి పోతుంది, ఫ్లెక్సీ మీద పేరు కనిపిస్తుంది, గడ్డం రెండుపక్కలా గీసుకుంటాడు. అందరూ మళ్ళీ తగ్గిందంటారు. లోపల అది ముడుచుకుని పడుకుంటుంది, డాక్టరమ్మ వెతికినా దొరకదు, ఈసారి లేచేసరికి ఎంతవుతుందో. ఎప్పుడూ అంతే, అందరికీ కనిపించేది ఆమెకు కనిపించదు, ఆమెకు కనిపించేది ఎవరికీ కనిపించదు, అందులో పదింట తొమ్మిది లేనివే. ఇది ఆ తొమ్మిదిలో ఒకటైతే? నిండు సంఘంలో కొడుకు కృతజ్ఞత రోజున నోటివెంట అపశకునం పలికిన తల్లిగా మిగిలిపోతుంది, డేవిడ్ రాజు బతికినన్నాళ్ళూ దెప్పుతాడు, వాడు కూడా, నవ్వుతూనే, జీవితాంతం. జీవితాంతం. జీవితాంతం దెప్పేంత కాలం వాడుంటే అంతకంటే ఏం కావాలి తండ్రీ, దెప్పనీ, ఊరంతా దెప్పనీ. పదో దాన్ని మాత్రం వదిలెయ్యలేను. తేడా కనిపిస్తే ఆ రోజే రమ్మంది. ఆ రోజే. ఇవాళ ఆదివారం, ఆదివారం ఆ డాక్టరమ్మ ఉంటుందో ఉండదో, ఎవరో ఒకరు ఉంటారు, పెద్దాసుపత్రి కదా, మూసెయ్యరు కదా.

"ఇప్పుడు మన సహోదరి ఇన్నమ్మగారు తన కుటుంబంలో దేవుడు చేసిన గొప్ప కార్యాన్ని సాక్ష్యమిస్తారు" అంటున్నారు అయ్యగారు. ఎవరో ఆమె చేతిలో మైకు పెట్టారు. చెమటకు జారింది, రెండు చేతులతో పట్టుకుంది. కాళ్ళు ఎలా లేచాయో, నాలుగడుగులు ఎలా వేసి వేదిక పక్కకు వచ్చిందో తెలియలేదు. ఎదురుగా మొహాలు, ఆడవాళ్ళ కొంగుల విసనకర్రలు, ముందువరసలో తెల్లచొక్కాలో మార్టిన్, ధైర్యంగా చెప్పమన్నట్టు తల ఊపుతూ.

"అందరికీ వందనాలు" అంది. "వందనాలు" అన్నారు అందరూ. మైకు కీచుమంది.

"నా కొడుక్కి తగ్గిందని మీ అందరికీ ఫోను చేసి చెప్పింది నేనే. ప్రార్థనలు చేసి అలిసిపోయుంటారు మీరంతా, ఆ మాట విని సంతోషపడ్డారు." మార్టిన్ వైపు చూసింది. "మళ్ళీ మొదలైందండి. పొద్దున్నే చూశాను నేను. సాక్ష్యం చెప్పలేను అయ్యగారూ, నన్ను మన్నించండి. వీణ్ణి ఇప్పుడే బెజవాడ తీసుకెళ్ళాలి. ఒరే సవరయ్యా, నువ్వా సంచి తెరవొద్దు. వీడికి ఏ సూదీ పడటానికి వీల్లేదు. బండి తాళాలు ఎవరన్నా వాడి దగ్గర తీసుకోండి."

ఒక్కసారిగా గుసగుస లేచింది. "సందేహించకూడదమ్మా, తల్లివి నువ్వే అట్లా అంటే ఎలా?" అంది ఎవరో పెద్దావిడ. "పిచ్చి పట్టిందటే నీకు? వచ్చి కూర్చో ముందు" అని డేవిడ్ రాజు పళ్ళు నూరాడు, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సవరయ్య సంచి మీద చెయ్యేసుకుని, "అక్కా, నేనేం చేశానే?" అన్నాడు. అయ్యగారు మైకు కోసం చెయ్యి చాపారు, ఇన్నమ్మ ఇవ్వలేదు. గుండెకు ఆనించి పట్టుకుంది, అది ఆమె గుండె చప్పుడును స్పీకర్లలోంచి ఊరంతటికీ వినిపిస్తోంది.

మార్టిన్ లేచి నిలబడ్డాడు. సిగ్గుతో నవ్వుతున్నాడు. "ఏం అనుకోకండి అయ్యగారూ, ఎండకి అమ్మకు కళ్ళు తిరిగుంటాయి, పొద్దున్నుంచీ ఏం తినలేదు" అన్నాడు. తండ్రి వైపు తిరిగాడు. "నాన్నా, మెర్సీ ఏది? ఎక్కడికెళ్ళింది? మెర్సీని పిలవండి, అమ్మని ఇంటికి తీసుకెళ్తుంది."

మెర్సీ అతని ఎడమపక్కనే ఉంది. అతని కుర్చీ వీపు మీద ఆమె చెయ్యి ఉంది. అతను లేస్తే ఆమె కూడా సగం లేచింది, కొంగు అతని మోచేతికి దాదాపు తగులుతోంది.

డేవిడ్ రాజు కొడుకునీ, వాడి పక్కనే ఉన్న కోడలినీ మార్చి మార్చి చూశాడు.

"ఇక్కడే ఉన్నానండీ" అంది మెర్సీ.

మార్టిన్ ఆ గొంతు విని నవ్వుమొహంతో తిరిగాడు, కుడివైపుకు, తండ్రిని దాటి, కిటికీ దాకా. అక్కడ వెతికాడు.

మెర్సీ అతని వెనకనుంచి చుట్టూ నడిచి కుడిపక్కకు వచ్చి, ఎదురుగా నిలబడి, అతని చొక్కాజేబులోంచి బండి తాళాలు తీసుకుంది. "ఎక్కడికెళ్ళావు ఇంతసేపూ?" అన్నాడు మార్టిన్. ఆమె తాళాలున్న పిడికిలి అతని ఛాతీ మీదే ఉంచి, వేదిక పక్కన నిలబడ్డ అత్తగారి వైపు చూసింది.

"అత్తయ్యా, స్కానింగు ఫైలు బీరువాలో పైఅరలో ఉంది, మీరు పట్రండి" అంది. మామగారి వైపు తిరిగింది. "మావయ్యగారు కారు మాట్లాడతారు. నేను ఈయన దగ్గరే ఉంటాను, ఇటుపక్కన."

ఇన్నమ్మ మైకు అయ్యగారి చేతిలో పెట్టి ఇంటివైపు పరుగెత్తింది.